నీలం రంగు వచ్చేదాకా

ఇస్త్రీ చేసే మనిషికి వేడి మీద ఉన్నంత నమ్మకం మరి దేని మీదా ఉండదు. ఆ నమ్మకమే ఆ రోజు ఆమె కొంప ముంచింది. తనంతట పాదం ఎత్తలేని కూతురి పిక్క నుంచి పాదం కిందికి వచ్చే ఉక్కు పట్టీ మడమ దగ్గర ఒరుసుకుని పుండు చేస్తోందని, పొద్దున్నే దాన్ని తోలు నుంచి విప్పి, పొయ్యి మీద ఎర్రగా కాల్చి, పట్టకారుతో కాస్త వంపు తిప్పి, గట్టు మీద పెట్టి చల్లారనిచ్చింది. వంపు చక్కగా కుదిరింది. తీరా పిల్ల కట్టుకుని రెండడుగులు వేసేసరికి పట్టీ వంగింది, వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఇదివరకు అడుగడుక్కీ విల్లులా వెనక్కి లేచి పాదాన్ని ఎత్తిపెట్టేది. ఇప్పుడు కాలివేళ్లు నేలను ఈడుస్తున్నాయి.

పిల్ల అమ్మ చెయ్యి వదిలి ఒక్కతే బడికి వెళ్లడం మొదలుపెట్టింది ఈ మధ్యే. ఆస్పత్రిలో కొత్త పట్టీకి నెలలు పడుతుంది.

"మళ్లీ నువ్వే దిగబెట్టాలా అమ్మా?" అంది పిల్ల.

తల్లి పిల్లను ఎత్తుకుని, లారీల కింద కుదుపు ఆపే ఉక్కు కమాన్ కట్టలు బాగుచేసే షెడ్డుకి పరుగెత్తింది. అక్కడ కొలిమి దగ్గర పనిచేసేది ఆమె పెద్ద తోడికోడలు.

"చొక్కా అనుకున్నావుటే, కాల్చి సాపు చెయ్యడానికి?" అంది పెద్దామె పట్టీని వంచి చూస్తూ.

"ఎన్ని తిట్టినా పడతానక్కా. ముందు దాన్ని బతికించు."

"ఎర్రగా కాల్చి తీరిగ్గా చల్లారనిస్తే ఉక్కు మెత్తబడుతుంది. పోనీలే, వంపు మాత్రం బాగా కుదిర్చావు."

పెద్దామె పట్టీనీ, అంతే మందం ఉన్న ఒక తుక్కు ముక్కనూ కొలిమిలో ఎర్రబరిచి, నూనె తొట్టిలో ముంచింది. పొగ గుప్పున లేచింది.

"అయిందిగా, ఇటివ్వక్కా. బడి గంట కొట్టేస్తారు."

పెద్దామె తుక్కు ముక్కను దాగలి దిమ్మె మీద పెట్టి సుత్తితో తట్టింది. అది సుద్దముక్కలా పుటుక్కున విరిగింది. తల్లి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ పట్టీ కూడా ఇప్పుడిలాగే పెళుసు, మరీ మొండిది. కాస్త వేడితో బుజ్జగించాలి."

పట్టీని గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, కొలిమి అంచున కాలుతున్న ఇనప పలక మీద పెట్టింది. మెరుపు మీద ముందు ఎండుగడ్డి రంగు పాకింది, తర్వాత వంకాయ రంగు.

"నా బండి సంగతేంటమ్మా?" అని గొణిగాడు షెడ్డులో తన వంతుకు కాచుకున్న లారీ డ్రైవరు.

"నీ లారీకి ఆరు చక్రాలున్నాయి నాయనా, మా పిల్లకున్నవి రెండే కాళ్లు. కూర్చో."

డ్రైవరు నవ్వి కూర్చున్నాడు. నీలం రంగు రాగానే, ఇక వేడి చాలని పెద్దామె పట్టీని చటుక్కున తీసింది. చల్లారాక ఒక కొసను బిగించి, రెండో కొసను బలంగా వంచి వదిలింది. పట్టీ టంగుమని యథాస్థానానికి వచ్చింది.

తోలుకు బిగించి కాలికి కట్టారు. పిల్ల షెడ్డు గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. పాదం లేచింది, గడప దాటింది.

"ఒరుసుకోవట్లేదు పెద్దమ్మా!" అని అరిచి, సంచీ భుజాన వేసుకుని బడి వైపు నడిచింది. వెనక్కి చూడనైనా లేదు.

తల్లి మసి, నూనె అంటిన తోడికోడలి చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"ముఖమంతా మసైందే పిచ్చిదానా," అంది పెద్దామె. అన్నదే గానీ చేతులు లాక్కోలేదు.

పిల్ల అప్పటికే వీధి మలుపు తిరిగింది, ఒక్కతే.