కిటికీ మూలన బీట

మూడంతస్తుల పాత గోడ, దాని పక్కన ఇనప మెట్లు, మెట్ల కింద కరెంటు మీటర్లు, పైపు అతుకుల దగ్గర నాచు. ఆ గోడకు ఆనుకుని, శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని, వాన వెలిసేదాకా ఆగిన ఒక యోధుడు. నేను పోటీకి పంపిన ఫొటో అది.

యోధుడి ఎత్తు ఆరంగుళాలు. చేతులూ మోకాళ్ళూ వంగే బొమ్మ, దుకాణంలో కొన్నది. మిగిలిందంతా నేను చేసిందే. ఫోం షీటు మీద పెన్సిలు మొనతో ఒక్కొక్క ఇటుకా గీసి, సుద్దా రంగూ పూసి, ఆఫీసు నుంచి వచ్చాక రోజుకో గంట చొప్పున ఏడు నెలలు పట్టింది. ఇలాంటి బుల్లి సెట్టును డయోరమా అంటారు.

శుక్రవారం మధ్యాహ్నం పోటీ నిర్వాహకురాలు ఫోన్ చేసింది.

"మీ ఫొటో చాలా బాగుందండీ. చిక్కల్లా అదే. ఇది కంప్యూటరు చేసిందేమోనని జడ్జిగారి అనుమానం."

"చేత్తో చేశానండీ."

"సగంలో ఉన్నప్పుడు తీసిన ఫొటోలేమైనా ఉన్నాయా?"

లేవు. పని చేస్తున్నంతసేపూ చేతులనిండా జిగురే. ఫోన్ ముట్టుకునే వీలెక్కడిది?

"పోనీ ఒక పని చేద్దాం. చేతిపని విభాగంలోంచి తీసి కంప్యూటర్ బొమ్మల విభాగంలోకి మార్చేస్తాను. అక్కడ పోటీ తక్కువ, బహుమతి మీకే రావచ్చు."

"వద్దండీ."

"బహుమతి వద్దా?"

"కంప్యూటరు పేరు మీద వద్దండీ. సెట్టే తీసుకొచ్చి చూపిస్తాను."

"అయితే రేపు పన్నెండింటిలోపు హాలుకు తెండి. దాటితే నా చేతుల్లో ఉండదు."

మా ఇంటివాళ్ళలో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. ఎవరికీ ఎదురు చెప్పే అలవాటు లేదు. నాది కాని ఫైలు నా బల్ల మీద పెట్టినా పూర్తిచేసి ఇచ్చేస్తాను. అలాంటిది, రెండుసార్లు వద్దన్నాను.

నాన్న తాపీమేస్త్రీ. నన్ను డిగ్రీ అనే పిలుస్తాడు.

"ఏంటి డిగ్రీ, మొహం అలా పెట్టావు?"

జరిగింది చెప్పాను. అంతా విని, "ఇంతకీ అది మెచ్చుకోవడమా, తిట్టడమా?" అన్నాడు.

"రెండూ కాదు నాన్నా. అసలు చేసిన మనిషే లేదంటున్నారు."

నాన్న చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "నేను కట్టిన ఒక్క ఇంటి మీదా నా పేరు లేదు. అయినా మేస్త్రీయే లేడని ఎవడూ అనలేదు."

అమ్మకు నచ్చలేదు. "ఉద్యోగం చేసుకునే పిల్లవి, బొమ్మల కోసం పెద్దవాళ్ళతో పేచీ ఎందుకే?"

"పేచీ పెట్టింది వాళ్ళేనమ్మా."

శనివారం పొద్దున సెట్టును నాన్నా నేనూ చెరోవైపు పట్టుకుని లేపాం. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాం. నిలువుగా తిప్పాం, పక్కకు వాల్చాం. ఎలా పట్టుకున్నా ఇనప మెట్లు అడ్డొచ్చాయి. గుమ్మం వెడల్పు రెండున్నర అడుగులు, సెట్టు ఎటు కొలిచినా మూడడుగులకు తక్కువ లేదు. ఏడు నెలలుగా అదే గుమ్మంలోంచి రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చినదాన్ని, ఒక్కసారి కూడా ఈ లెక్క చూసుకోలేదు.

నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "కిటికీ పెట్టడం మరిచిపోయినవాళ్ళను చూశాను. ఇంట్లో ఇల్లు కట్టి బయటికి తేలేకపోయినదాన్ని నిన్నే చూస్తున్నాను."

"కోసేద్దాం నాన్నా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీకేం బాధ లేదా?"

"ఉంది. ఇక్కడే ఉండిపోతే ఇంకా బాధ."

గోడకు సరిగ్గా మధ్యలో స్కేలు పెట్టి గీత గీయబోయాను. నాన్న స్కేలు లాగేసుకున్నాడు.

"గోడ స్కేలు పెట్టుకుని పగులుతుందా? బీట ఎప్పుడూ కిటికీ మూల నుంచి మొదలవుతుంది. ఏటవాలుగా దిగుతుంది. ఇటుకల సందులు వెతుక్కుంటూ మెట్లు మెట్లుగా పోతుంది. అలా కొయ్యి."

ఆయన వేలితో దారి చూపించాడు, నేను బ్లేడు నడిపించాను. కిటికీ నుంచి కిటికీకి, అక్కణ్ణించి నేల దాకా. అడుగుచెక్క ఒక్కటీ ఆయనే రంపంతో కోశాడు. రెండు ముక్కలూ గుమ్మం దాటి చిన్న వ్యాను ఎక్కేసరికి పదకొండు దాటింది.

పన్నెండుకు పది నిమిషాల ముందు చేరేసరికి హాల్లో బల్లలన్నీ నిండిపోయాయి. స్తంభం పక్కన నేల మీద చోటు చూపించారు. రెండు ముక్కలూ దగ్గరికి జరిపి యోధుణ్ణి నిలబెట్టాను. అతుకు సన్నటి నల్లటి బీటలా కనిపిస్తోంది. నా ఫొటో ప్రింటు పట్టుకుని జడ్జిగారు వచ్చారు. తెల్లగడ్డం, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. ఫొటో వైపు, కిందికి, మళ్ళీ ఫొటో వైపు చూశారు.

"ఇందులో ఈ బీట లేదే."

"నిన్నటిదాకా లేదండీ. ఇవాళ పొద్దున పడింది."

"పడిందా?"

"మా గుమ్మం పట్టక కోసి తెచ్చాను."

"బీట పడినంత మాత్రాన ఇల్లు మారిపోతుందా సార్?" అన్నాడు నాన్న నా వెనకనుంచి.

"అది కాదు పెద్దాయనా. ఫొటోలో గోడ ఆకాశానికి తగులుతోంది. ఇదేమో నా నడుం దాకా కూడా లేదు. దీన్నే తీశారని నన్నెలా నమ్మమంటారు?"

నిర్వాహకురాలు మధ్యలోకి వచ్చింది. "పోనీ ఇక్కడే ఇంకో ఫొటో తీసి చూపించండి."

కెమెరా సంచిలోనే ఉంది. తియ్యలేదు.

"ఫొటో చూపిస్తే అదీ కంప్యూటరే అంటారండీ. కంటితోనే చూడాలి. దానికి కింద పడుకోవాలి."

"ఎవరు?"

"జడ్జిగారు."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "సార్ వయసేంటి, మీరు చెప్పేదేంటండీ?" అంది నిర్వాహకురాలు.

"నిలబడి చూస్తే ఫోం ముక్కలే కనబడతాయండీ. బొమ్మ కంటి ఎత్తుకు దిగితేనే వీధి కనబడుతుంది. నేను ఏడు నెలలు నేల మీదే ఉన్నాను. ఆయనకు ఒక్క నిమిషం చాలు."

ఆయన కోపం తెచ్చుకుని వెళ్ళిపోతే నా ఫొటో అక్కడితో సరి, ఇస్తామన్న ఆ కంప్యూటర్ విభాగం కూడా పోతుంది. క్షమించండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

జడ్జిగారు ప్రింటును నిర్వాహకురాలి చేతిలో పెట్టారు. ఒక మోకాలు వంచారు, రెండోది వంచారు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి పరవబోయి, వద్దన్నట్టున్న నా మొహం చూసి మళ్ళీ భుజానే వేసుకున్నాడు. జడ్జిగారు ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించారు.

నిమిషం గడిచింది. ఇంకోటి గడిచింది. అటు పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"పైనున్న కిటికీకి తెర వేసి ఉందే," అన్నారాయన కిందినుంచే, గొంతు తగ్గించి. "అక్కడ ఎవరుంటారు?"

"ముందు నన్ను చేతిపని విభాగంలోనే ఉంచండి సార్," అన్నాను. "అప్పుడు చెప్తాను."

ఆయన లేవలేదు. గోడ మీంచి కన్ను తియ్యకుండానే నిర్వాహకురాలి వైపు చెయ్యి చాచారు.

"ఆ విభాగాల జాబితా, పెన్నూ ఇలా ఇవ్వమ్మా."