ముప్పై ఒక్క ఎక్కిళ్ళు

అందరూ తొందర అని పిలిచే అమ్మాయి బీకరులో ఆమ్లం పోసి, స్టాప్‌వాచ్ నొక్కింది. వాచీ కాస్తా ఒక్కసారి మిణుక్కుమని చచ్చింది.

బీకరు కింద కాగితం మీద గీసిన ఇంటూ గుర్తు ఇంకా నల్లగానే ఉంది. ద్రావణం మెల్లగా పాలలా మసకబారి దాన్ని కప్పేస్తుంది. ఎన్ని సెకన్లకి కప్పేసిందో రాయాలి. నాలుగు కొలతలయ్యాయి. ఇది ఐదోది, ఆఖరిది. సీసాలో ఇంక చుక్క లేదు. ఇదీ కుదిరితేనే సైన్సు పోటీకి పేరు వెళ్తుంది. కిందటి నెల ప్రయోగం చెయ్యకుండానే అంకెలు వేసి దొరికిపోయిన పిల్ల కాబట్టి, ఇదే చివరి అవకాశమని మేడం తెగేసి చెప్పింది.

"హిక్!" అంది పక్కనున్న బుల్లి, పిన్ని కూతురు.

తొందరకి ఠక్కున తట్టింది. ఇందాకటి కొలతకి పట్టిన అరవై సెకన్లలో బుల్లికి సరిగ్గా పదిహేను ఎక్కిళ్ళొచ్చాయి. అంటే నాలుగు సెకన్లకొకటి!

"ఇది సున్నా! ఆపకే తల్లీ!"

"ఆపితే ఆగేవైతే... హిక్!"

"ఒకటి!"

పన్నెండు దగ్గర మేడం ఊడిపడింది. బుల్లికి అమ్మ, తొందరకి పిన్ని, బడిలో మాత్రం ఇద్దరికీ మేడమే.

"ఏమిటే ఆ ఎక్కిళ్ళు? బయటికెళ్ళి నీళ్ళు తాగిరా."

"వద్దు పిన్నీ... మేడం! తాగితే గడియారం ఆగిపోతుంది!"

"ఏ గడియారం?"

"మీ అమ్మాయే! పదమూడు!"

క్లాసంతా గొల్లుమంది. వెంటనే అందరూ లెక్క అందుకున్నారు. పద్నాలుగు! పదిహేను! నవ్వితే ఎక్కిళ్ళు గతి తప్పుతాయని బుల్లి బుగ్గలు బిగబట్టి ఎర్రగా కందిపోయింది.

ముప్పై!

ముందటి నాలుగు కొలతల ప్రకారం గుర్తు ఈపాటికి పోవాలి. లీలగా కనిపిస్తూనే ఉంది.

"రాసేయవే ముప్పై," గొణిగింది బుల్లి. "ఎవడు చూడొచ్చాడు?"

తొందర చెయ్యి దురద పెట్టింది. పెన్ను బల్ల మీద పడేసి బీకరు మీదికి వంగింది.

"హిక్!"

మాయం! "ముప్పై ఒకటి!"

తొందర నాలుగుతో హెచ్చవేసి నూట ఇరవై నాలుగు సెకన్ల దగ్గర చుక్క పెట్టగానే మేడం గ్రాఫు కాగితం లాక్కుంది. నాలుగు చుక్కలు గీత మీద, ఐదోది వెంట్రుకవాసి పక్కన.

"గీత తప్పిందేం?"

"అంతే వచ్చింది మేడం."

మేడం ముఖం విచ్చుకుంది. "సరిగ్గా ముప్పై రాసుంటే చచ్చినా నమ్మేదాన్ని కాదు." జాబితాలో తొందర పేరు రాసేసింది.

"మరి నేనమ్మా?" అంది బుల్లి.

"నిన్నూ రాశానే. కింద, పరికరాల్లో."