నూర్మత్ చూడని గోలు

ఆ ఆదివారం మర్గిలాన్‌లో ఎవరూ మామూలుగా మాట్లాడలేకపోయారు. అందరికీ గొంతులు పోయాయి. ముందురోజు సాయంత్రం దేశం జట్టు ఫుట్‌బాల్ కప్పు గెలిచిన దగ్గర్నుంచి ఊరు ఊరంతా అరిచింది, కార్ల హారన్లు మోగించింది, పెళ్ళిళ్ళలో ఊదే నిలువెత్తు బూరాలు కూడలికి తెచ్చి ఊదింది. బజారులో రొట్టెలమ్మే ఆవిడ కూడా నువ్వులవా, మామూలువా అని చేత్తోనే అడుగుతోంది. ఊరు మొత్తం మీద గొంతు నిక్షేపంగా ఉన్నవాడు ఒక్క నూర్మతే.

గొంతు బాగుండటం కూడా ఒక్కోసారి సిగ్గుచేటే. పొద్దున్న పొరుగింటాయన గోడ మీంచి పలకరిస్తే "సలాం" అని ఖణేల్‌మని జవాబిచ్చాడు. ఇచ్చాక తన గొంతుకి తనే ఉలిక్కిపడి, ఒకటి రెండుసార్లు దగ్గాడు.

నూర్మత్‌కి అరవై రెండేళ్ళు. పట్టు కార్ఖానాలో ముప్పై ఏళ్ళు దారాలకు రంగు ముంచి రిటైరయ్యాడు. గోళ్ళ మొదళ్ళలో నీలం ఇంకా వదల్లేదు. భార్య సనోబర్ పోయి నాలుగేళ్ళయింది, కూతురు కువా ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో తనొక్కడే. వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం, చిన్ననాటి స్నేహితుల గప్ ఉంటుంది. ఏడుగురు మగవాళ్ళు వంతుల ప్రకారం ఒకరింట్లో చేరి, పలావు వండుకు తిని, పాలు లేని టీ తాగుతూ లోకాన్ని చక్కదిద్దే కార్యక్రమం అది. ఆ ఒక్క పూట కోసం నూర్మత్ మిగతా ఆరు రోజులూ ఎలాగోలా నెట్టుకొస్తాడు. ఆ ఊళ్ళో వాళ్ళు తప్ప అతనికి ఎవరూ లేరు.

మ్యాచ్ ఉన్న రోజున వాళ్ళు కూడా ఉండరు. ఎందుకంటే నూర్మత్ ఐరన్ లెగ్.

ఈ బిరుదుకి తొమ్మిదేళ్ళు. ఒక పెద్ద మ్యాచ్ రోజు అతను కర్బూజా చంకలో పెట్టుకుని ఆలస్యంగా వచ్చి గుమ్మంలో కాలు పెట్టాడు, సరిగ్గా అప్పుడే మనవాళ్ళ మీద గోలు పడింది. అందరూ నవ్వుకున్నారు. మరోసారి అతను చూస్తుండగా పెనాల్టీ బంతి ఆకాశంలోకి పోయింది. మూడోసారి మన గోల్‌కీపరే చేతికొచ్చిన బంతిని జారవిడిచాడు. నాలుగోసారి "నువ్వెళ్ళి పలావు సంగతి చూడరా బాబూ" అని పెరట్లోకి తోస్తే, ఉల్లిపాయలు ఎర్రబడేలోపు మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. అంతే, ఆటపట్టింపు కాస్తా ఆనవాయితీ అయి కూర్చుంది.

కొన్నాళ్ళు పెరట్లో పొయ్యి దగ్గర ఉంచారు. తర్వాత కామెంటరీ అతని చెవిన పడటం కూడా ప్రమాదమేనని ఎవరికో తోచి, మ్యాచ్ రోజున ఇంటికే పంపేయడం మొదలుపెట్టారు. సనోబర్ ఉన్నప్పుడు అదీ ఒక సరదాగానే ఉండేది. ఆమె వంటింట్లో టీవీ చూస్తూ, ద్రాక్షపందిరి కింద కూర్చున్న మొగుడికి కిటికీలోంచి స్కోరు చెప్పేది. "గోలు! నువ్వక్కణ్ణించి కదిలావంటే చూడు!" అని బెదిరించేది. ఆమె పోయాక మ్యాచ్ రోజులు గడవడం మానేశాయి.

అందుకే ఫైనల్ విషయంలో అతనొక నిర్ణయానికొచ్చాడు. తలుపు గడియ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, మొదట్నుంచి చివరిదాకా చూస్తాడు. గెలిచారా, ఆదివారం గప్‌లో అందరి ముందూ "నేను చూస్తుండగానే గెలిచార్రా" అని చెప్తాడు. దాంతో పీడ విరగడవుతుంది. టీవీ ముందు, వాళ్ళ మధ్యలో, తన చోటు తనకు తిరిగొస్తుంది. ఓడిపోతే ఏమిటన్నది ఆలోచించడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

ఆట ఎక్కడో తూర్పు దేశంలో. ఇక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. తొంభై నిమిషాలు రెండు పక్కలా ఒక్క గోలూ లేదు. నూర్మత్ దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మూలలు నలుపుతూ కూర్చున్నాడు. మనవాళ్ళు చక్కటి పాస్ ఇచ్చినప్పుడల్లా "చూశావా!" అని పక్కకు తిరిగేవాడు. పక్కన గోడ తప్ప ఏముంది? రెండు మూడుసార్లు అలా తిరిగాక, ఇక తిరగకూడదని మెడ బిగబట్టుకున్నాడు.

అదనపు సమయం మొదలైంది. అవతలి జట్టు కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. ఇంకోటి మన కీపర్ వేళ్ళ కొసలకు తగిలి పైనుంచి పోయింది. నూర్మత్‌కి వీపంతా చెమట పట్టింది. మన కుర్రాళ్ళు కాళ్ళు పట్టేసి ఒక్కొక్కరే గడ్డి మీద కూలబడుతున్నారు. తన వల్లేనా? తన ఒక్కడి ముచ్చట తీరడానికి ఇంతమంది ఉసురు పోసుకోవాలా? నవ్వులాటకి పెట్టిన పేరని తొమ్మిదేళ్ళుగా తనకు తాను చెప్పుకున్నదంతా ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి అక్కరకు రాలేదు. నూట పదకొండో నిమిషంలో లేచి టీవీ కట్టేశాడు.

పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. వీధి మొత్తం ఊపిరి బిగబట్టుకుని ఉంది. చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టాడో లేదో, నలువైపుల నుంచీ ఒక్కసారిగా కేక లేచింది. పిట్టగోడ అదిరింది, కుక్కలు మొరిగాయి, పక్కింట్లో ఎవరో పళ్ళెం మోగించారు. నూర్మత్ కూడా నోరు తెరిచాడు. కానీ ఎవరి మొహం చూసి అరవాలో తెలియక మళ్ళీ మూశాడు. సంతోషంతో కళ్ళ నీళ్ళొచ్చాయి. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే అన్న బాధ ఆ సంతోషాన్ని తోసుకుంటూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తాడు? నూర్మత్ చీపురు తీసుకుని పెరడు ఊడ్చాడు.

ఆదివారం వంతు మీర్వలి అకాది. అతను అందరికంటే రెండేళ్ళు పెద్ద, అందుకే అందరికీ అకా, అంటే అన్న; గప్‌కి పెద్దతలకాయ. ఫైనల్ కూడా మిగతా ఆరుగురూ అతనింట్లోనే చూశారు. నూర్మత్ వెళ్ళేసరికి పరిచిన గుడ్డ చుట్టూ అందరూ చేరి, లేని గొంతులతో కీచులాడుకుంటున్నారు.

"ఎడంకాలురా! నా మాట విను, ఎడంకాలు!" అంటున్నాడు సోత్‌వల్ది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. ఏ విషయమైనా నల్లబల్ల ముందు నిలబడ్డట్టే మాట్లాడతాడు.

"నీ మొహం. కుడికాలు. నేను టీవీకి జానెడు దూరంలో ఉన్నా," అన్నాడు సైకిళ్ళు బాగుచేసే యిగితలి.

"నువ్వా? గోలు పడినప్పుడు నువ్వు బల్లకింద ఉన్నావు కదరా, మొహం దాచుకుని!"

"దాచుకోలా. రొట్టెముక్క కింద పడితే తీస్తున్నా. తొక్కితే పాపం కాదూ?"

"అరగంట ఏరావా ఒక్క రొట్టెముక్కని?"

అందరూ గరగరమని నవ్వారు. మీర్వలి చెయ్యెత్తి, "మీదేముందిరా, నా గతి చూడండి," అన్నాడు. "గోలు పడగానే పక్కన ఎవరున్నారో చూసుకోకుండా కావలించుకున్నా. తీరా చూస్తే టీ తెచ్చిన మా కోడలు! పదేళ్ళనుంచి ఆ పిల్ల నా ముందు తలెత్తింది లేదు. పొద్దున్నించి ఇద్దరం ఒకరికొకరం ఎదురుపడకుండా ఇల్లంతా తప్పించుకు తిరుగుతున్నాం."

నూర్మత్ కూడా నవ్వాడు. రొట్టె తుంచి అందరి ముందూ పెట్టాడు. ఒక్కొక్కరూ తామెలా గెంతారో, ఎవరి కాలు ఎవరు తొక్కారో, సోత్‌వల్ది కళ్ళజోడు ఎలా విరిగిందో చెప్పుకుంటూ పోతుంటే, తనకు తెలియని పెళ్ళి కబుర్లు వింటున్నవాడిలా తలాడిస్తూ కూర్చున్నాడు. చెప్పడానికి అతని దగ్గరా ఒక సంగతి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పలావు తినడం అయ్యాక మీర్వలి లోపలికెళ్ళి ఒక మూట తెచ్చాడు. విప్పితే కొత్త చపాన్. ఆకుపచ్చ, ఊదా చారల పట్టు, లోపల దూది కుట్టినది, పెద్దవాళ్ళని గౌరవించేటప్పుడు భుజాన కప్పే అంగీ.

"లేవరా నూర్మత్," అన్నాడు.

"నాకెందుకు అకా?"

"లేవమంటే లేవాలి. ఒరేయ్, అందరూ వినండి. నిన్న కప్పు తెచ్చింది పదకొండు మంది కాదు, పన్నెండు మంది. ఆ పన్నెండోవాడు మన కోసం, దేశం కోసం, తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. అంత త్యాగం మనలో ఎవడన్నా చెయ్యగలడా?"

చప్పట్లు కొట్టారు. చపాన్ అతని భుజాల మీద కప్పారు. యిగితలి నడుముకి రుమాలు చుట్టి ముడేస్తూ, "ఎండాకాలంలో ఇంతకంటే పెద్ద పోటీలున్నాయి. అప్పుడూ ఇలాగే మా నాయన కదూ, తలుపేసుకోవాలి," అన్నాడు. వేళాకోళం లేదు, నిజంగా బతిమాలుతున్నాడు.

నూర్మత్‌కి తెలుసు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ లేదు.

"నేను చూశాను," అన్నాడు.

"ఏం చూశావ్?"

"మ్యాచ్. నిన్న. మొదట్నుంచీ చూశాను."

యిగితలి చేతిలోని ముడి అలాగే ఆగిపోయింది. సోత్‌వల్ది టీ గిన్నె కింద పెట్టాడు. "ఒరేయ్ ద్రోహీ!" అన్నారు ఎవరో, సగం నవ్వుతూ.

దారిపొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చిన మాట నాలుక చివర ఉంది. నేను చూస్తుండగానే గెలిచార్రా. అంతే చెప్పాలి. అబద్ధమని ఎవడు నిరూపిస్తాడు? గడియ పెట్టిన ఇంట్లో సాక్షి ఎవరున్నారు?

"ఆగండి, ఆగండి," అన్నాడు సోత్‌వల్ది వేలెత్తి. "గోలు కూడా చూశావా?"

నూర్మత్ వాళ్ళ మొహాలు చూశాడు. ఒక్క "ఊఁ" అంటే చాలు, వచ్చే మ్యాచ్‌కి వీళ్ళ పక్కన కూర్చుంటాడు. కానీ ఆ టీవీ కట్టేయడానికి అతనికి ఎంత కష్టమైందో అతనికే తెలుసు. వీళ్ళ కోసం జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేసి ఎరగడు. ఊఁ అన్నాడంటే ఆ పని చెయ్యనట్టే అవుతుంది.

"లేదు," అన్నాడు. "నూట పదకొండులో కట్టేశాను. భయమేసి."

"గోలు నూట పన్నెండు!" అని యిగితలి ఎగిరి గంతేశాడు.

గొంతుల్లేని ఆరుగురూ కలిసి చేసిన గోలకి కోడలు లోపల్నించి తొంగి చూసింది. మీర్వలి నూర్మత్ తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నాయనా, నువ్వు బంగారానివిరా!"

"నాకిన్నాళ్ళూ కొంచెం అనుమానం ఉండేది," అన్నాడు సోత్‌వల్ది తృప్తిగా. "చూసినంతసేపూ సున్నా, కట్టేశాక నిమిషంలో గోలు. లెక్క తేలిపోయింది. ఇక దీనికి తిరుగులేదు."

నూర్మత్ నవ్వు మొహం పెట్టుకునే నిలబడ్డాడు. చపాన్ కింద ఒళ్ళు ఉడికిపోతోంది.

"ముందు ఆ కాలు సంగతి తేల్చేద్దాం," అని యిగితలి ఫోను తీశాడు. ఆరు తలలూ ఒక్కచోటికి చేరాయి. నూర్మత్ చపాన్ అంచులు ఎత్తిపట్టుకుని వెళ్ళి, మీర్వలి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కొంచెం ఇటు తిప్పరా," అన్నాడు. "నేనింకా ఆ గోలు చూడలేదు. నిన్నట్నుంచి టీవీలో వేస్తూనే ఉన్నారు. ఒక్కణ్ణే కూర్చుని చూడబుద్ధి కాలేదు. మీతో చూద్దామని ఆగా."

యిగితలి బొటనవేలు తెర మీద ఆగింది. అతను మీర్వలి వైపు చూశాడు. మీర్వలి సోత్‌వల్ది వైపు చూశాడు. నూర్మత్ ఎవరో ఒకరు పకపకా నవ్వుతారని, వీపు మీద ఒక్కటి చరిచి "చూడరా వెధవా" అంటారని చూశాడు.

"అయిపోయిన ఆటే కదా," అన్నాడు మెల్లగా.

"అయిపోయిందే అనుకో," అన్నాడు మీర్వలి, చాలా ప్రేమగా. "అయినా ఇప్పుడెందుకురా, చక్కగా జరిగిపోయిన దాన్ని..."

యిగితలి ఫోను బోర్లించి గుడ్డ మీద పెట్టాడు. "టీ చల్లారిపోతోంది," అన్నాడు ఇంకెవరో. వాళ్ళు ఆటపట్టించడం లేదు. ఆ సంగతి నూర్మత్‌కి తొమ్మిదేళ్ళకి ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు అతనికి కోపం రాలేదు, ఒకవేళ నిజమేనేమోనని భయమేసింది.

"మీరు కూర్చోండి. నాకు ఇంట్లో పనుంది," అని లేచాడు. కాసేపుండమని మొహమాటానికి అందరూ అన్నారు. మీర్వలి గుమ్మందాకా వచ్చి సాగనంపి, చపాన్ మెడ దగ్గర సర్దాడు.

వీధిలోకి వచ్చి పది అడుగులు వేశాడో లేదో, గోడ వెనక ఫోనులోంచి కామెంటరీ మొదలైంది. అది పెరిగి పెరిగి కేకగా మారింది. దాని మీద ఆరుగురి బొంగురు కేకలు, నవ్వులు. వాళ్ళు అతను బయటికి వెళ్ళేదాకా ఆగారు.

నూర్మత్ చెవులు మూసుకుని, గబగబా నడిచాడు.