నలుగురి చప్పుడు

నేను ఒక చిన్న చప్పుడు గొట్టాన్ని. చింతగింజంత ఉంటాను. నిమిషానికోసారి టిక్కుమని నా నంబరు చెప్పడం తప్ప నాకు మరో విద్య రాదు. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో. చేరింది మాత్రం గోదావరి ఒడ్డున చేపపిల్లల కేంద్రంలో, ప్రభావతి మేడం చేతికి.

ఆవిడ ఒక జానెడు బొచ్చె చేపపిల్లకు మత్తిచ్చి, పొట్ట కాస్త కోసి, నన్ను లోపల పెట్టి కుట్టేశారు. నాలాంటివాళ్లు ఇంకో ముగ్గురు, ఇంకో మూడు పిల్లల్లో. తొట్లలో పెరిగినవి నదిలో ఎటు పోతాయో, బతుకుతాయో లేదో తెలుసుకోవాలట. మూడో రోజుకి ఈ నాలుగూ బతికుంటే మిగతా ఐదు వేలూ అక్కడే వదులుతారు.

నదిలో పడగానే నా పిల్ల బెదిరిపోయింది. పాపం, తొట్టిలో దానికి తెలిసిన నీడ ఒక్కటే, మేత చల్లే మనిషిది. రెండో రోజు పెద్ద నీడ కనబడితే పారిపోవాల్సింది పోయి ఆశగా దగ్గరికెళ్లింది. ఆ నీడ చేపపిల్లల్ని తినే వాలుగది. ఒక్క గుటకలో మింగేసింది.

చీకట్లో నా పక్కన టిక్కుమంది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ముగ్గురూ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. నాకేం భయం, నన్ను ఏ కడుపూ అరిగించుకోలేదు. నా భయమంతా తొట్లలో ఉన్న ఆ ఐదు వేల గురించి.

మూడో రోజు పొద్దున పడవ వచ్చింది. మా చప్పుళ్లు వినే యంత్రాన్ని నీళ్లలోకి దించారు.

"నాలుగూ బతికే ఉన్నాయి బాబాయ్. ఒకదాన్నొకటి వదలకుండా ఎలా తిరుగుతున్నాయో చూడు." అన్నారు మేడం. మూడేళ్ల కష్టం ఆవిడది.

పడవ నడిపే పోలయ్య యంత్రం తెర మీదికి వంగి చూశాడు. "బొచ్చెపిల్లలు ఇలా మడుగు అడుక్కంటా కూకోవండి. అందులోనూ జానెడు ఎడం లేకుండానా? నాకెందుకో బాలేదు మేడంగోరూ. ఓసారి వలేసి సూద్దారండి."

"వలేస్తే బెదిరిపోతాయి బాబాయ్. యంత్రం అబద్ధం చెప్పదుగా."

నిజమే, చెప్పలేదు. ఉన్నామంటే ఉన్నామన్నాను. ఎవరి కడుపులో ఉన్నామో ఎవరూ అడగలేదు. నోరు మూసుకుంటే చచ్చామనుకుని ఆగుతారు కదా అని ఎంతో ప్రయత్నించాను. నాలోని బ్యాటరీ వింటేనా! టిక్కు.

పడవలో తెచ్చిన చేపపిల్లల సంచుల మూతులు విప్పారు. ఐదు వేల తోకల అలికిడి నీళ్లలో పడింది. వాలుగ ఒళ్లు బిగిసింది. మా నలుగురినీ మోసుకుంటూ అడుగు నుంచి పైకి దూసుకుపోయింది.

"చూశావా బాబాయ్," పైన మేడం నవ్వుతున్నారు, "తమ్ముళ్లని పలకరించడానికి పోతున్నాయి."