ముగ్గులో వదిలిన జాగా

హైదరాబాదు కాలేజీ పిల్లలు మా ఊరికి వచ్చింది డెబ్బై ఒకటి ఎండాకాలంలో. పదకొండు మంది. వాళ్ల సారు పేరు త్రినాథరావు. బడిలో దిగారు. ఊరివాళ్లతో కలిసి ఊరికి ఒక ప్లాను వేస్తామని, ముందుగా ఏది కావాలో ఊరే చెప్పాలని సారు అన్నాడు. సర్పంచ్ పెద్దరాములు నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

కావలసింది రోడ్డు. చిట్కుల్‌కు అవతల మా ఊరు. పటాన్‌చెరు దవాఖానకు పోవాలంటే రెండు ఒర్రె వాగులు దాటాలి. నడుమ అంతా నల్లరేగడి. అంతకు రెండేళ్ల కింద, వానలు ముదిరినప్పుడు, మా కొడుకుకు జ్వరం వచ్చింది. ఐదు నెలల పిల్లవాడు. రెండో ఒర్రె దగ్గర బండి ఇరుసు దాకా దిగబడింది. నేను ఎద్దులను కొడుతూనే ఉన్నాను. బండిలోంచి నా భార్య శివమ్మ, ఇక కొట్టకు అంది. ఆమె గొంతు విని నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఎద్దులను విప్పాను.

పళ్లు రాని పిల్లలను మా దగ్గర కాల్చరు, పాతిపెడతారు. తండ్రి ఒక్కడే ఎత్తుకుపోవాలి. రాయి పెట్టకూడదు. ఊరి చుట్టూ నాలుగైదు బీళ్లున్నాయి. వాటిలో ఏ బీడో మగవాళ్లకే తెలుసు. ఎవరైనా అడిగితే అక్కడ ఏమీ లేదనాలి. తల్లికి మాత్రం అసలే తెలియకూడదు. తెలిస్తే ఆమె మనసు అక్కడే తిరుగుతుందని, మళ్లీ కడుపు నిలవదని పెద్దలు చెప్పేవాళ్లు. శివమ్మ నన్ను ఒకసారి అడిగింది. నేను చెప్పలేదు.

కాలేజీ పిల్లల్లో కమలాకుమారి అని ఒకామె ఉండేది. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి రామచంద్రాపురంలో ఉద్యోగం చేసేవాడు. కాగితం మీద గీస్తే మీకు తెలియదు, మీ ఊరు మాకు తెలియదు, అందుకని ముందు నేల మీద వేద్దాం అని ఆమే అంది. బడి ముందర అలికించింది. ఆడవాళ్లు ముగ్గుతో ఇండ్లు వేశారు. బాటలకు ఇటుకపొడి, రేగడికి బొగ్గుపొడి, చెరువుకు వేపాకు. రెండు రోజులు అదే పని. ఎవరి ఇల్లు ఎంత, ఎవరి గట్టు ఎక్కడ అని ఒకటే లొల్లి. మల్లవ్వ తన గుడిసెను సర్పంచ్ ఇంటికంటే పెద్దగా వేసింది.

"ఏందే మల్లవ్వా, నీ గుడిసె నా ఇంటిని మింగేటట్టున్నది," అన్నాడు పెద్దరాములు.

"నీ ఇంట్ల ముగ్గురున్నరు. నా గుడిసెల పదకొండు మందిమి. సరిగనే ఏసిన సర్పంచా."

సారు కూడా నవ్వాడు. ఆ రెండు రోజులు ఊరు బాగుంది.  ఉత్తరం దిక్కున, మెట్ట చెలకలు అయిపోయి ఒర్రె మొదలయ్యేచోట, ముగ్గులో ఖాళీ జాగా ఒకటి మిగిలింది. దానిలో ఎవరూ ఏమీ వేయలేదు.

కమలాకుమారి చూపు దాని మీద పడింది. ఇక్కడేముంది అని అడిగింది. బీడు, ఏం లేదు అన్నాడు పెద్దరాములు.

"మరి మగవాళ్లంతా ఇది తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారేంటండీ?"

 నాలుగు రోజులుగా కొలత గొలుసు ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకొని పొలాలన్నీ తిరుగుతున్నాం. ఆ చనువుతో నన్నే అడిగింది. ఏముంది నర్సన్నగారూ అని.

ఆడవాళ్ల గుంపులో శివమ్మ నిలబడి ఉంది.

"ఏం లేదమ్మా," అన్నాను.

సారు గుప్పెడు ఇటుకపొడి తీసుకొని ఊరి నుంచి పెద్దరోడ్డు దాకా గీత పోశాడు. గీత ఆ ఖాళీ జాగా నడుమ నుంచి పోయింది. ఇట్లా అయితే ఎవరి చెలకా పోదు, దూరం కూడా తక్కువ అన్నాడు. అక్కడున్న మగవాళ్లలో ఎనిమిది తొమ్మిది మందికి ఆ బీడులో బిడ్డలున్నారు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఒకరు చెప్తారని ఇంకొకరం ఊరుకున్నాం. అందరం చేతులెత్తాం. రోడ్డు పడుతుందని శివమ్మ ముఖం విచ్చుకుంది. రెండేళ్లలో నేను ఆ ముఖం చూడలేదు.

మరునాడు పొద్దున కొయ్యమేకులు కొట్టడానికి పోయాం. ఇరవై గజాలకొక మేకు. కమలాకుమారి గొలుసు చూసి చోటు చెప్తుంది, నేను సుత్తెతో కొడతాను. బీడు దాకా చకచక కొట్టాను. బీడులో రెండో మేకు ఒక తంగేడు చెట్టు మొదట్లో పడింది. మేకు నిలబెట్టాను. సుత్తె ఎత్తాను. కొట్టలేదు. చేయి నొప్పిగా ఉందా అని ఆమె అడిగింది. ఎండకు ఏమో అని నీళ్ల బుడ్డి ఇచ్చింది. నీళ్లు తాగి, మేకు పీకి పక్కన పెట్టి చెప్పాను.

"ఈడ నా కొడుకున్నడమ్మా."

ఆమె దిగ్గున వెనక్కి జరిగింది. చెప్పులు విప్పేసింది. ఎర్రటి ఎండలో ఆ నేల మీద ఉత్తకాళ్లతో నిలబడింది.

"నిన్న అడిగాను కదండీ. ఒక్క మాట అంటే గీత పక్కకి జరిపేవాళ్లం."

ఎందుకు చెప్పకూడదో చెప్పాను. అంత మాట నేను ఎవరితోనూ మాట్లాడి ఎరుగను. నా భార్యకు తెలియకూడదమ్మా, నీకు దండం పెడతా అన్నాను. ఎవరితోనూ అనను అంది. ఊళ్లో అనలేదు కూడా. సారు ఒక్కడితోనే మాట్లాడి, బీడుకు ఈవల నుంచే రోడ్డును తిప్పించింది. పెద్దరాములు తన చెలకలో ఒక చెక్క వదులుకున్నాడు. ఎందుకని అడగలేదు.

ప్లాను నీలం కాగితం మీద తయారై నెల తర్వాత వచ్చింది. పైవాళ్లకు పంపిన ప్లానుకు అది నకలు. కమలాకుమారే తెచ్చింది. నన్ను పక్కకు పిలిచి, వంపు మీద వేలు పెట్టి, సరిపోయిందా అని అడిగింది. వంపు చూశాను. సరిపోయింది అన్నాను. వంపు పక్కన సన్నటి అక్షరాలున్నాయి. నాకు కూడబలుక్కుంటే చదువు వస్తుంది. చదవలేదు. ఆమె ఆ సాయంత్రమే బస్సుకు వెళ్లిపోయింది.

రోడ్డు ఊరికే వంకర తిరిగితే పైవాళ్లు ఒప్పుకోరు. నలభై గజాలు ఎందుకు ఎక్కువయ్యాయో కారణం రాయాలి. రాశారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ప్లానును పంచాయతీ గోడకు పెట్టిన రోజు పెద్దరాములు ఊరందరినీ పిలిపించాడు. మన ఊరు పటంలకెక్కింది, అందులో ఏమేమి ఉన్నాయో పిల్లజెల్లకు తెలియాలె, ఒక్కటి విడువకుండా చదువు అని బడిపంతులుకు చెప్పాడు. పంతులు జొన్న కర్ర పట్టుకొని ఒక్కొక్కటి చూపిస్తూ పెద్ద గొంతుతో చదివాడు. బడి. కుమ్మరి బావి. పెద్ద చెరువు. పెద్దరాములు చెలక. ప్రతి పేరుకూ జనం నవ్వుతున్నారు. తర్వాత చిన్నపిల్లల సమాధులు అని చదివాడు. కర్ర గోడ మీద అక్కడే ఆగిపోయింది.

శివమ్మ గోడ వైపు చూసింది. కర్ర కొస ఎక్కడుందో చూసింది. ఆ రెండు రోజులు ముగ్గు వేసిన చేయి ఆమెది. ఎక్కడ ఏముందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంటికి కూడా రాలేదు. జనంలోంచి నా దగ్గరకు వచ్చి, "పా, సూపియ్యి," అంది.

తీసుకుపోయాను. తంగేడు చెట్టు దగ్గర ఆగాను. ఆమె కూర్చొని నేల మీద అరచేయి పెట్టింది.

"తలకాయ ఎటు దిక్కు?"

దక్షిణం దిక్కు చూపించాను. చేయి అటు జరిపింది.

ఆ చలికాలం ఊరంతా కలిసి శ్రమదానం చేసి రోడ్డుకు మొరం పోశాం. కాలేజీ పిల్లలు కొత్తవాళ్లు కొందరు వచ్చి తట్టలు మోశారు. కమలాకుమారి రాలేదు. ఆ రోడ్డు మీద దవాఖానకు పోయి నలుగురు పిల్లలు బతికి వచ్చారు. నలుగురి పేర్లూ నాకు తెలుసు.

మొదట్లో సాయంత్రాలు ఆ బీడుకు చాలా మంది తల్లులు వచ్చేవాళ్లు. వాళ్లకు వేరే పిల్లలున్నారు. పనులున్నాయి. మెల్లగా మానుకున్నారు. శివమ్మ మానలేదు. కూలి పని నుంచి వస్తూ అక్కడ కాసేపు కూర్చొని వచ్చేది. చింతపండు గింజ తీసే పని ఉంటే చేటతో సహా పోయేది. మాకు మళ్లీ పిల్లలు కాలేదు. పోయినోని కాడ కూసుంటే వచ్చేటోడు ఎట్ల వస్తడే అని మల్లవ్వ మొహం మీదనే అనేది. శివమ్మ విననట్టు బీడు వైపు నడిచేది. నేను మాత్రం ప్రతి సాయంత్రం ఒకటే అనుకునేవాణ్ని. సుత్తె పట్టుకొని ఆ మేకు ఎందుకు కొట్టలేదని.

డెబ్బై ఆరులో మా పక్కన ఫ్యాక్టరీ పడింది. మా రోడ్డు మీద లారీలు మొదలయ్యాయి. వంపు దగ్గర ఒక లారీ బోల్తా కొట్టింది. డ్రైవర్ చచ్చిపోయాడు. రోడ్డు తిన్నగా చేస్తామని కొలతలవాళ్లు వచ్చారు. నేను, పెద్దరాములు గోడ మీది ప్లాను చుట్టుకొని ఆఫీసుకు పోయాం. ఆఫీసరు చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు. సమాధులని రాసుంది గానీ ఎవరివో పేర్లు లేవు, రాళ్లు లేవు, ఏవి అని చూపిస్తారు అన్నాడు. వారం గడువిచ్చాడు, తీసుకోవలసినవి తీసుకొమ్మని. ఐదు నెలల పిల్లవాడిని ఏడేళ్ల తర్వాత ఏమని తీసుకోవాలి. హైదరాబాదు పోయి కాలేజీలో అడిగాను. త్రినాథరావు సారు బదిలీ అయి వెళ్లాడన్నారు. కమలాకుమారి ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు.

మిషన్ వచ్చిన రోజు శివమ్మను ఇంట్లోనే ఉండమన్నాను. వినలేదు. పొద్దున్నే పోయి రోడ్డు అంచున నిలబడింది. అడ్డం పోలేదు, ఏడవలేదు. మిషన్ తంగేడు చెట్టును వేరుతో లేపి పక్కకు తోసింది. మళ్లీ వచ్చి నేలను గీరింది. మూడోసారి వచ్చేసరికి అది ఏ జాగానో నాకే గుర్తు దొరకలేదు. ఆమె మాత్రం చూపు ఒకే చోట పెట్టి ఉంచింది. మధ్యాహ్నానికి అంతా చదునైంది. ఇసుక లారీలను అప్పుడే దాని మీదికి వదిలారు.

ఇంటికి మళ్లాం. కొంత దూరం పోయాక నేనే నోరు తెరిచాను.

"నేను ఆ పిల్లకు చెప్పకపోయుంటే, నీకు ఇది కండ్లార సూసుడు తప్పుతుండె."

శివమ్మ ఆగింది. నా వైపు తిరిగింది.

"ఐదేండ్లు వాని పక్కన కూసున్న. ముందటి రెండేండ్లు ఎందుకు దాసినవ్?"

పెద్దలు చెప్పారని అనబోయాను.  వెనక లారీ హారన్ కొట్టింది. ఇద్దరం రోడ్డు దిగి నిలబడ్డాం. లారీ పోయింది. దుమ్ము తగ్గేదాకా కూడా ఆగకుండా ఆమె నడక మొదలుపెట్టింది.