పచ్చగా ఉన్న ఫైలు

మా టీమ్ పెద్దను చాటుగా రంగులయ్య అంటాం. అంబులెన్సులను పంపే సాఫ్ట్‌వేర్ మాది. పాత కోడు, ఎక్కడ ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. అందులో ఏది ముందు బాగుచేయాలో ఆయన రంగులతో తేల్చేస్తాడు. మాటిమాటికీ మార్చాల్సి వచ్చే ఫైలు ఎరుపు, ఎవరూ ముట్టనిది పచ్చ. ఎరుపు ముందు, పచ్చ ఆఖరున.

చిరునామాలు వెతికే ఫైలు నిక్షేపంగా పచ్చగా ఉంది. దాని జోలికి వెళ్లాలంటే అందరికీ హడల్, పచ్చగా ఉండక ఏమవుతుంది? ఆ ఫైలు మాటే మీటింగులో ఎత్తాను.

“ఒకే పేరుతో రెండు వీధులుంటే అది మొదటిదాన్నే పట్టుకుంటుంది సార్. ముందు దాని సంగతి చూద్దాం.”

“ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా తల్లీ? పడుకున్నదాన్ని లేపి తన్నించుకోవడం ఎందుకు? ఆ గమనిక గడి చూడు, ఎర్రగా మండిపోతోంది. ముందు దాన్ని పీకెయ్.”

పక్క హాల్లో ఫోన్లు ఎత్తే అమ్మాయిలు డ్రైవర్ కోసం నాలుగు ముక్కలు రాసే గడి అది. పెద్దది చెయ్యండి, పైకి జరపండి అంటూ వారం వారం ప్రాణం తీస్తారు. చిరునామా ఎలాగూ వస్తుంటే మళ్లీ ఇదెందుకని నాకూ విసుగే. మర్నాడు పొద్దున్నే పీకేశాను. రంగులయ్య చప్పట్లు కొట్టించాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వాళ్లుండేది నది అవతల, కొత్త కాలనీలోని తోటవీధిలో.

“మీ బావకి గుండెల్లో నొప్పే. ఒళ్లంతా చెమటలు. అంబులెన్సుకి ఎప్పుడో ఫోన్ చేశాను, ఇంకా రాలేదే!”

ఫోన్ చెవిన పెట్టుకునే పక్క హాల్లోకి పరుగెత్తాను. గోడ మీది తెరలో ‘తోటవీధి, బండి చేరింది’ అని ఉంది. పక్కనే పచ్చటి చుక్క. ఆ చుక్క నదికి ఇవతల, పాత ఊళ్లోని తోటవీధిలో ఉంది.

“డ్రైవర్ తలుపు కొడుతున్నాడట మేడమ్, ఎవరూ తీయట్లేదట,” అంది ఫోన్ దగ్గరి అమ్మాయి. “రోజూ ‘అవతలి ఒడ్డు’ అని గడిలో రాసేవాళ్లం, అది చూసి వెళ్లేవాడు. ఇవాళ ఆ గడే కనిపించలేదు.”

ఇన్నాళ్లూ ఒక్క ఫిర్యాదూ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

“వంతెన దాటి వెళ్లమను, త్వరగా!” అని అరిచాను.

“తలుపు తీసుకుని గుమ్మంలోనే నిలబడ్డానే,” అంటోంది అక్క. “ఎవరూ రాలేదే.”

“వస్తోందక్కా, దార్లో ఉంది. నువ్వు బావని మాట్లాడిస్తూ ఉండు.”

తెర మీద చుక్క ఇంకా కదల్లేదు.

“మాట్లాడట్లేదే,” అంది అక్క.