ఇమామ్ బీ బిందె

నారింజ వాగు పొంగి, కల్లాల్లోని జొన్న కుప్పలన్నీ కొట్టుకుపోయిన ఏడు ఉంది కదా, దాని తర్వాత మూడో ఏడు జరిగింది ఇది. అంతకు ముందటి దసరాకు ఊళ్లో పదకొండు మంది ఆడవాళ్లకు బ్యాంకు తలా ఒక బర్రెను అప్పు మీద ఇచ్చింది. మొదటి బర్రె వట్టిపోయే నాటికి రెండోది ఇస్తామన్నారు. ఒకటి ఎండితే ఇంకోటి పిండాలి, కిస్తు కట్టాలి. రెండోది రాకపోతే కిస్తు ఆగి, బ్యాంకువాళ్లు మొదటిదాన్ని కూడా తోలుకుపోతారు. బస్వమ్మకు చదువు రాదు గానీ ఈ సంగతి మాత్రం పొద్దున లేస్తే కళ్ల ముందు ఉండేది.

ఎండాకాలంలో హైదరాబాదు నుంచి మదన్‌మోహన్ అనే సారు వచ్చాడు. చిన్న చిన్న అప్పులతో పేదరికం తగ్గుతుందా లేదా అని ఆయన పరిశోధన. చేతిలో అచ్చు కాగితాలు. ఎవరింట్లో ఏమేం సామాన్లున్నాయో చూసి రాసుకుంటాడట.

సారు వస్తున్నాడని తెలియగానే బస్వమ్మకు కాలు నిలవలేదు. పట్నం మనిషికి మట్టికుండలో నీళ్లు ఎట్లా ఇస్తారు? ఊరి ఇజ్జత్ ఏం కావాలి? వెనకింటి ఇమామ్ బీ దగ్గరికి ఉరికింది.

"ఆపా, నీ ఇత్తడి బిందె జర ఇయ్యి. సారు నీళ్లు తాగి పోంగనే తెచ్చిస్త."

"నా పెండ్లిల మా అబ్బా నా పేరు కొట్టిచ్చి ఇచ్చిన బిందె. సొట్ట వడ్డదో, నీ నెత్తి సొట్ట జేస్త," అంటూనే ఇమామ్ బీ చింతపండుతో తళతళా తోమి ఇచ్చింది.

సారు బస్వమ్మ ఇంట్లో నీళ్లు తాగాడు. బిందెను చూసి రాసుకున్నాడు. ముందు గుమ్మంలోంచి ఆయన బయటికి పోతుంటే, బిందె పెరటి గోడ మీది నుంచి పక్కింటి మణెమ్మ ఇంటికి పోయింది. అక్కడినుంచి యాదమ్మ ఇంటికి. ప్రతి ఇంటికీ సారు కంటే బిందే ముందు చేరింది. పొద్దుగుంకేసరికి పదకొండు ఇండ్లలో అదే బిందెలోని నీళ్లు తాగి, తల కాగితాల్లోంచి ఎత్తకుండానే ఆయన బస్సెక్కాడు. ఆ రోజు ఆడవాళ్లంతా కడుపుబ్బ నవ్వుకున్నారు. అందరికంటే బస్వమ్మే ఎక్కువ నవ్వింది.

మళ్లీ దసరా వెళ్లింది. బర్రె వట్టిపోయింది. బస్వమ్మ జహీరాబాద్ పోయి బ్యాంకు మేనేజరు ముందు నిలబడింది.

"రెండో బర్రె మీ ఊరికి లేదమ్మా," అన్నాడు మేనేజరు. సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం తీశాడు. "మదన్‌మోహన్ గారు రాశారు చూడు. మీ ఊళ్లో పేదరికం పోయిందట. ఇంటింటికీ ఇత్తడి బిందె ఉందట. ఒక్క కిస్తు తప్పలేదట. మీకంటే పేద ఊళ్లు ఎన్నో ఉన్నాయి."

"గా బిందె మాది కాదు సారు. ఇమామ్ బీది."

"పదకొండూ ఇమామ్ బీవేనా?" మేనేజరు నవ్వాడు. గుమాస్తాలూ నవ్వారు. "రేపు ఆ సారే ఇక్కడికొస్తున్నారు, పుస్తకం పైవాళ్లకు చదివి వినిపించడానికి. మాకు బోలెడు పని. పో తల్లీ. కిస్తు మాత్రం మరిచిపోకు."

దారి పొడుగునా బస్వమ్మ ఒళ్లు మండింది. కిస్తు తప్పలేదట! ఎట్లా తప్పుతుంది? ఏడాది పొడుగునా తన చంటిబిడ్డకు చుక్క పాలు పోయకుండా, అంతా హోటలుకు పోసి కట్టింది. ఆ సంగతి సారు అడగలేదు. ఆయన కాగితంలో దానికి గడి లేదు. సారు మీద మండింది. మేనేజరు మీద మండింది. గోడ మీంచి బిందె అందించిన తన చేతుల మీద అంతకంటే మండింది.

ఇమామ్ బీ గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. అంతా విన్నది.

"ఇజ్జత్ గావాలంటివి గద! తీస్కో ఇజ్జత్! కుండల నీళ్లు వోస్తే గా సారు సస్తుండెనా?"

"తిట్టు, ఆపా, ఎన్నన్న తిట్టు. గని బిందె మల్లొక్కసారి ఇయ్యి."

"మల్లనా? సిగ్గు లేదానే నీకు?"

"ఉండె. గా బిందెల వోసి పదకొండు ఇండ్లల్ల సారుకు తాపిచ్చిన."

ఇమామ్ బీ ఆమె ముఖంలోకి చూసింది. కత్తి కింద పెట్టి, లోపలికి పోయి బిందె తెచ్చింది. ఈసారి తోమలేదు.

మర్నాడు కోడికూతకే బస్వమ్మ బర్రెను విప్పింది. నెత్తిన బిందె, చేతిలో పలుపు. రెండు కోసులు నడిచింది. బ్యాంకు ముందు జీపులు ఆగేసరికి వట్టిపోయిన బర్రె వరండా స్తంభానికి కట్టేసి ఉంది. మెట్ల మీద పెండ వేసింది. జవాను కసిరాడు, కట్టె ఎత్తాడు. బస్వమ్మ కదల్లేదు. మదన్‌మోహన్ సారు నీలం అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని దిగాడు. ఆయన బిందెను గుర్తుపట్టాడో లేదో. ఆమె మాత్రం అంచు మీద ఉర్దూలో కొట్టించిన ఇమామ్ బీ పేరు ఆయనకు కనబడేటట్టు తిప్పి, దాన్ని బర్రె పొదుగు కింద పెట్టింది.

"దీన్నే పదకొండు సార్లు రాసినవ్ సారూ," అన్నది. "కూసో. పిండు. నిండినంక మల్ల రాస్కో."

అని పలుపును స్తంభానికి ఇంకొక చుట్టు చుట్టి బిగించింది.